నోవైలో కుడితి సర్వీసు

ఆ శనివారం ఉదయం వీరాంజనేయులు పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. కాఫీ తాగాలి, అల్లుడి పాత కోటు తొడుక్కోవాలి, ఇళ్ల వరస చివరిదాకా నడిచి కంచె అవతలి ఆవుల్ని చూడాలి, తిరిగొచ్చి ఇడ్లీ తినాలి. మాచర్ల ఆర్టీసీ డిపో మేనేజరుగా తెల్లారేసరికల్లా బస్సులన్నిటినీ రోడ్డెక్కించి, ఎక్కించని డ్రైవర్లకు మెమోలిచ్చిన మనిషికి ఇది అసలు కార్యక్రమమే కాదు. కానీ నోవైలో కూతురు నీహారిక ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ ఆయన్ని ఎవరూ ఏమీ అడగడం లేదు. అడిగితే గిడిగితే, "నాన్నా, చలేస్తోందా" అని అడుగుతారు. జనవరి నెలలో మిషిగన్‌లో నిలబెట్టి అడగాల్సిన ప్రశ్నేనా అది అని ఆయనకు ఒళ్లు మండేది.

కంచె అవతల పొలం డేల్ అనే రైతుది. అవి పాలిచ్చే ఆవులు కావని, వాటి దూడలు మాంసానికి పోతాయని తెలిసిన రోజున వీరాంజనేయులు నడక మధ్యలోనే ఆపి ఇంటికొచ్చేశాడు. భార్య బాలమణికి ఆ సంగతి చెప్పనూ లేదు, కొన్నాళ్లపాటు కంచె వైపు వెళ్లనూ లేదు. తర్వాత డేలే వివరంగా చెప్పాడు, తల్లి ఆవుల్ని అమ్మననీ, ఏటా ఒక దూడను ఈనినంత కాలం అవి తన దగ్గరే ఉంటాయనీ. దాంతో ఆయన మనసు కుదుటపడింది. దూడల సంగతి మాత్రం ఆయన ఆలోచించదలచుకోలేదు. మనిషన్నాక కొన్ని విషయాలు ఆలోచించకుండా ఉండే హక్కు ఉండాలి.

ఆ మందలో ఆయనకు మరీ ఇష్టమైనది ఒక ముసలి ఆవు. ఒళ్లంతా ఎరుపు, మొహం మాత్రం తెలుపు. బొల్లి అని పేరు పెట్టి, డేల్‌కూ ఆ పేరే అలవాటు చేశాడు. ఆయన కంచె దగ్గరికి రాగానే అది మేత మానేసి వచ్చి, ఏదో ఫిర్యాదు ఉన్నట్టు ఆయన మొహంలోకి చూస్తూ నిలబడేది. తన దగ్గరికి ఫిర్యాదుతో వచ్చే ప్రాణి ఈ దేశంలో అదొక్కటే.

ఆ రోజు డేల్ మొహంలో నవ్వు లేదు. ఉన్న సంగతి చెప్పేశాడు. పోయిన వేసవి, అంటే 2012లో, వానల్లేక గడ్డి ఎండిపోయింది. కొట్టంలో ఉండాల్సిన ఎండుగడ్డిలో సగం కూడా లేదు. కొందామంటే చుట్టుపక్కల ఎవరి దగ్గరా లేదు, ఉన్నవాళ్లు చెప్పే ధర వినేలా లేదు. మొక్కజొన్న చొప్ప కలిపి నెట్టుకొస్తున్నాడు. కానీ ఆవులన్నీ చూడితో ఉన్నాయి.

"ఈనే ముందు నెలల్లో వాటికి మామూలుకంటే ఎక్కువ తిండి కావాలి, వీరా. తల్లి చిక్కిపోతే దూడ నీరసంగా పుడుతుంది. ఒక్కోసారి తల్లి కూడా లేవదు. అన్నిటికీ అరకొరగా పెట్టేకంటే, ఐదు ముసలి ఆవుల్ని వచ్చే నెలాఖరు వేలానికి పంపేస్తే మిగతావి గట్టెక్కుతాయి" అన్నాడు డేల్, ఇంగ్లీషులో, నెమ్మదిగా.

"ఐదులో మా బొల్లి ఉందా?"

డేల్ టోపీ తీసి తల గోక్కున్నాడు. ఉందని అర్థం.

ఇంటికొచ్చేసరికి బాలమణి బీరకాయలు చెక్కుతోంది. తొక్కలన్నీ సింకు కన్నంలోకి తోసి, దాని కింద చెత్త రుబ్బే మిషను స్విచ్ నొక్కింది. సింకు గుర్రుమంటూ వాటిని నమిలి మింగేసింది.

"ఆపు" అన్నాడు వీరాంజనేయులు, గుమ్మంలోనే నిలబడి. "అక్కడ చూడి ఆవులు తిండి లేక చొప్ప నములుతున్నాయి. ఇక్కడ సింకు బీరకాయ తొక్కలు తింటోంది."

"నేనూ అదే అనుకుంటానండీ రోజూ" అంది బాలమణి. "మా పుట్టింట్లో ఇవన్నీ కుడితి తొట్టిలో పడేవి. ఇక్కడ బియ్యం కడిగిన నీళ్లు పారబోద్దామంటే చెయ్యి రావట్లేదు నాకు."

కుడితి అన్న మాట చెవిన పడగానే వీరాంజనేయులు వెన్ను నిటారైంది. ఈ సబ్‌డివిజన్‌లో అంటే ఈ ఇళ్ల కాలనీలో ముప్పై తెలుగు ఇళ్లకు తక్కువ లేవు. ముప్పై ఇళ్లలో రెండు పూటలా బియ్యం కడుగుతారు, గంజి వారుస్తారు, కూరలు తరుగుతారు. అదంతా సింకుల పాలవుతోంది. ఇడ్లీ తినకుండానే వెనక్కి నడిచాడు.

కుడితి అంటే ఏమిటో డేల్‌కు వివరించడం కష్టమే అయింది. "రైస్ వాటర్ సర్. వెజిటబుల్ స్కిన్స్. వెరీ స్ట్రెంత్. ఇన్ అవర్ సైడ్ ఆల్ కౌస్ డ్రింకింగ్ అండ్ డెలివరింగ్" అన్నాడు. అది వస్తే ఐదు ఆవుల్నీ అట్టే పెట్టుకోవచ్చు కదా అని కూడా అడిగాడు. డేల్ ఆయన మొహంలోకి కాసేపు చూశాడు. "సౌండ్స్ గ్రేట్, వీరా. మాంసం మాత్రం కలవకూడదు. ఆవుల సంగతి చూద్దాం" అన్నాడు.

సాయంత్రం ఇది విన్న అల్లుడు కిరణ్‌కుమార్ తల పట్టుకున్నాడు. "మావయ్యగారూ, ఇక్కడ 'సౌండ్స్ గ్రేట్' అంటే ఒప్పుకున్నట్టు కాదండీ. ఆ టాపిక్ అయిపోయిందని అర్థం. నా ప్రమోషన్ గురించి మా మేనేజర్ మూడేళ్లుగా సౌండ్స్ గ్రేట్ అంటున్నాడు."

"మీ మేనేజర్ సంగతి వేరు బాబూ. ఈయన రైతు" అన్నాడు వీరాంజనేయులు. ఆర్టీసీలో తాను 'చూద్దాం' అన్న ఏ ఫైలునూ మళ్లీ చూడలేదన్న సంగతి ఆయనకు ఆ క్షణంలో గుర్తు రాలేదు.

మొదటి రోజే ఎదురుదెబ్బ తగిలింది. గరాజ్ బయట పెట్టిన కుడితి బకెట్లు తెల్లారేసరికి రాయిలా గడ్డకట్టాయి. తిరగేసి కొడితే బకెట్ ఆకారంలో మంచు దిమ్మ ఊడి పడింది. అందులో క్యారెట్ చెక్కులూ, సొరకాయ గింజలూ అద్దాల బీరువాలో పెట్టినంత స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఎదురింటి గిరిజ దాన్ని ఫోటో కూడా తీసుకుంది. మర్నాటి నుంచి బకెట్లు ఇళ్ల లోపల ఉండాలని వీరాంజనేయులు ఉత్తర్వు జారీ చేశాడు. లోపల హీటర్ వెచ్చదనానికి కుడితి పులిసి, ఇళ్లన్నీ ఒకే వాసన కొట్టసాగాయి.

రవాణాకు నీహారిక మినీవ్యాన్ తీసుకున్నారు. వీరాంజనేయులుకు ఇక్కడ లైసెన్స్ లేదు కాబట్టి, ఆఫీసుకు వెళ్లే ముందు కిరణ్‌కుమార్‌కు డ్రైవర్ డ్యూటీ పడింది. మామగారు రూట్లు వేశారు. సోమ, బుధ, శుక్రవారాలు ప్రతి గుమ్మం దగ్గరా ఆగే పల్లెవెలుగు. మిగతా రోజులు పెద్ద కుటుంబాల దగ్గర మాత్రమే ఆగే ఎక్స్‌ప్రెస్. బకెట్ ఎక్కగానే "రైట్, రైట్" అని డోర్ మీద చరిచేవాడు. ఆఫీసులో కిరణ్‌కుమార్ పక్క సీట్ల వాళ్లు ఒక్కొక్కరే దూరంగా జరగడం మొదలుపెట్టారు.

"నాన్నా, నా కారులో పులిసిన గంజి వాసనొస్తోంది. క్లయింట్‌ని ఎయిర్‌పోర్ట్‌లో పికప్ చేస్తే కిటికీ దించి కూర్చున్నాడు, ఈ చలిలో" అంది నీహారిక.

"బస్సన్నాక వాసన ఉంటుందమ్మా" అన్నాడు ఆయన. ఆమె చాలా ఏళ్ల తర్వాత తండ్రి ఈలవేస్తూ గడ్డం గీసుకోవడం విని, వ్యాన్ తాళాలు మళ్లీ మొగుడి చేతికే ఇచ్చింది.

పొలం దగ్గర డేల్ బకెట్లు దింపుకుని తానే కొట్టం వెనక్కి తీసుకెళ్లేవాడు. కొత్తవాళ్లుంటే జంతువులు బెదురుతాయని, ఆయన్ని కంచె దగ్గరే ఆపేసేవాడు. ఖాళీ బకెట్లు నాకినంత శుభ్రంగా తిరిగొచ్చేవి. అవి చూసుకుని వీరాంజనేయులు మురిసిపోయేవాడు. బొల్లి మొహంలో కళ వచ్చిందని రోజూ బాలమణికి చెప్పేవాడు. బాలమణి ఇంట్లో ఒక మొక్కు కూడా పెట్టుకుంది. బొల్లి క్షేమంగా ఈనేదాకా గడప లోపలికి మాంసం రాకూడదని. ఆ మొక్కు గురించి అల్లుణ్ణి ఎవరూ సంప్రదించలేదు.

ఇక్కడిదాకా బాగానే ఉండేది. కానీ కడుపుతో ఉన్నవాటికి వట్టి తొక్కలు పంపడం ఏం మర్యాద అని గిరిజకు అనిపించింది. ఆమె ఉలవలు ఉడకబెట్టి పంపింది. అది తెలిసి అదే వరసలో ఉండే శశికళ బెల్లం పరమాన్నం పంపింది. శశికళ పరమాన్నం పంపాక మిగతా వాళ్లు చేతులు ముడుచుకుని కూర్చుంటారా? వారం తిరిగేసరికి బకెట్లలో పులగం, సజ్జ బూరెలు, నెయ్యి వేసిన పప్పన్నం కనిపించసాగాయి. ఒకాయన వ్యాన్ దగ్గరికొచ్చి, "అంకుల్, నిన్న మా ఆవిడ చేసిన పులిహోర ఈ బకెట్‌లో ఉందా? ఇంట్లో నాకు మిగల్లేదు" అని దీనంగా అడిగాడు. డేల్ బకెట్ మూత తీసి, జీడిపప్పుల వంక చూసి, నోట మాట రాక నిలబడిపోయేవాడు. అది కృతజ్ఞత అని వీరాంజనేయులు అనుకున్నాడు.

మాంసం కలవకూడదన్న షరతు ఆయన మరిచిపోలేదు. అందుకని చెకింగ్ మొదలుపెట్టాడు. ముందుగా చెప్పకుండా ఏదో ఒక గుమ్మం దగ్గర వ్యాన్ ఆపించి, పట్టకారుతో బకెట్ అడుగుదాకా కెలికి చూసేవాడు. అలా ఒక గురువారం భీమశంకరం ఇంటి ముందు దిగాడు. భీమశంకరం శశికళ భర్త, ఆదివారం భజన బృందానికి పెద్ద, ఉల్లిపాయ కూడా మానేశానని పదిమందిలో చెప్పుకునే మనిషి. పట్టకారుకు బెండకాయ తొడిమలు వచ్చాయి, అరటిపండు తొక్కలు వచ్చాయి, ఆ తర్వాత ఒక కోడి కాలు బొమిక వచ్చింది.

"మునగకాడ ముక్క అయ్యుంటుంది, సరిగ్గా చూడండి డీఎం గారూ" అన్నాడు భీమశంకరం.

"మునగకాడకు మోకాలుండదండీ" అన్నాడు వీరాంజనేయులు.

చుట్టూ నలుగురు మూగారు. శశికళ ముక్కున వేలేసుకుని మొగుడి వంక చూసింది. ఆ చూపులో ప్రశ్నకంటే ముందు జవాబే ఉంది. భీమశంకరం ఎన్ని ఒట్లు వేసినా ఎవరూ నమ్మలేదు. వీరాంజనేయులు మొహమాటం లేకుండా, ఈ స్టాపు తాత్కాలికంగా రద్దు చేస్తున్నట్టు ప్రకటించి "రైట్, రైట్" అన్నాడు.

అవమానం జరిగిన మనిషి ఊరికే కూర్చోడు. భీమశంకరం ఆ సాయంత్రమే ఇంటింటికీ ఫోన్లు చేశాడు. "నా బకెట్ సంగతి సరేనండీ. అసలు ఆవులు ఈ కుడితి తింటున్నాయని ఎవరైనా కళ్లతో చూశారా? ఈయన ఎక్కడో కాలవలో పారబోసి వస్తున్నాడేమో ఎవరికి తెలుసు?"

ఆ మాట నిప్పులా పాకింది. నిజమే, ఎవరూ చూడలేదు. ఆ మాటకొస్తే వీరాంజనేయులు కూడా చూడలేదు, కానీ ఆ సంగతి ఒప్పుకునే స్థితిలో ఆయన లేడు. "ఆదివారం అందరూ రండి. మీ ఎదురుగా తినిపిస్తాను. ఆవులు ఈ బకెట్ ముట్టకపోతే మర్నాటి నుంచి సర్వీసు నడపను" అనేశాడు. అన్న తర్వాత గానీ అసలు సంగతి తట్టలేదు. సర్వీసు ఆగితే నెలాఖరుకు బొల్లి వేలానికి పోతుంది.

చూడ్డానికి వెళ్లడం అన్నది ఆడవాళ్ల చేతిలో పడేసరికి సీమంతం అయి కూర్చుంది. కడుపుతో ఉన్నవాళ్ల దగ్గరికి ఉత్త చేతులతో ఎలా వెళ్తామంది బాలమణి. చలిమిడి కలిపారు. గాజులు తెప్పించారు. తొడగడం ఎక్కడ అన్న దగ్గర చర్చ ఆగిపోయింది. డేల్ ఆవులకు కొమ్ములు లేవు. చివరికి గాజుల్ని దండగా గుచ్చి మెడలో వేద్దామని గిరిజ తేల్చింది.

వీరాంజనేయులు డేల్‌కు ఫోన్ చేశాడు. "సండే మై ఫ్రెండ్స్ కమింగ్ సర్. టు సీ కౌస్ ఈటింగ్ అవర్ ఫుడ్."

"వీరా, నేను నీకు ఒక విషయం చెప్పాలి. ముందే చెప్పాల్సింది" అన్నాడు డేల్ ఇబ్బందిగా.

"నో థ్యాంక్స్ నెసెసరీ సర్. ఇట్ ఈజ్ అవర్ డ్యూటీ" అని వీరాంజనేయులు ఫోన్ పెట్టేశాడు. మంచివాడు పాపం, కృతజ్ఞత చెప్పుకోవడం చేతకాదు అనుకున్నాడు.

శనివారం నడకకు వెళ్తే కొట్టం దగ్గర జంతువుల్ని తీసుకెళ్లే ట్రైలర్ ఒకటి వెనక్కి తిప్పి నిలబెట్టి ఉంది. తలుపు తెరిచి ఉంది. లోపల పేడ ఉంది. ఎవరినో తీసుకెళ్లారు, లేదా తీసుకెళ్లబోతున్నారు. కంచె పొడుగునా వెతికితే దూరంగా బొల్లి కనిపించింది. అంటే ఇంకా తీసుకెళ్లలేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు ఈల వేయకుండానే గడ్డం గీసుకున్నాడు.

ఆదివారం ఉదయం ఎనిమిది కార్లు ఒకదాని వెనక ఒకటి బయల్దేరాయి. పట్టుచీరల మీద దుప్పట్లంత కోట్లు, కాళ్లకు మంచు బూట్లు, చేతుల్లో పళ్లేలు. భీమశంకరం పంచె మీద కోటు వేసుకుని, మెడలో రుద్రాక్షలు బయటికి కనిపించేలా సర్దుకుని, తీర్పు చెప్పడానికి వెళ్తున్న జడ్జిలా మొదటి కారులో కూర్చున్నాడు. వెనక వ్యాన్‌లో బాలమణి చలిమిడి గిన్నె ఒళ్లో పెట్టుకుంది. ముందు సీట్లో కిరణ్‌కుమార్ మామగారి వైపు ఒరిగి గొంతు తగ్గించాడు.

"మావయ్యగారూ, ఆ బొమిక నాదండీ."

"ఏ బొమిక?"

"అత్తయ్యగారి మొక్కు కదా, ఇంట్లో తినలేక వ్యాన్‌లో కూర్చుని తిన్నాను. చీకట్లో వెనక ఏదో ఖాళీ బకెట్‌లో వేశాను. అది భీమశంకరం అంకుల్‌దని తెలీదండీ. వాళ్లు చూసుకోకుండా దాని మీదే తొక్కలు వేశారు."

వీరాంజనేయులు నోరెళ్లబెట్టాడు. సర్వీసులో ఉండగా తప్పుడు మెమో ఒక్కటి కూడా ఇవ్వలేదని ఆయన గొప్ప. ఇప్పుడు సొంత డ్రైవర్ చేసిన పనికి ఒక పెద్దమనిషి స్టాపు రద్దు చేశాడు. క్షమాపణ చెప్పాలి, తప్పదు. కానీ ఆవులు తిన్న తర్వాత చెబుదాం అనుకున్నాడు. ముందే చెబితే పరువు పూర్తిగా పోతుంది.

డేల్ టోపీ చేత్తో నలుపుతూ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎనిమిది కార్లనూ, పళ్లేలనూ చూసి ఏదో అనబోయాడు. అప్పటికే గిరిజ ఆయన నుదుట బొట్టు పెట్టేసింది. ఐదు ముసలి ఆవులనూ చిన్న దొడ్లో విడిగా ఉంచారు. వాటికి పసుపు రాశారు, కుంకుమ అద్దారు, గాజుల దండలు వేశారు. బొల్లి ఇవన్నీ సహించింది. వీరాంజనేయులు శశికళ తెచ్చిన పరమాన్నం కలిపిన కుడితి బకెట్‌ను దాని ముందు పెట్టి, రెండడుగులు వెనక్కి వేశాడు.

బొల్లి వంగి వాసన చూసింది. గట్టిగా తుమ్మింది. తర్వాత మొహం తిప్పుకుని, పక్కనున్న చొప్ప నమలడం మొదలుపెట్టింది. రెండో ఆవూ అంతే. మూడోది అసలు దగ్గరికే రాలేదు.

భీమశంకరం గొంతు సవరించుకున్నాడు. "ఏం డీఎం గారూ, నెలరోజులుగా ఇవి ఆవురావురుమంటూ తింటున్న తిండి ఇదేనా?"

"కొత్త మనుషుల్ని చూసి బెదిరాయండీ. పిలిస్తే వస్తాయి" అన్నాడు వీరాంజనేయులు. గరిట తీసుకుని బకెట్ అంచు మీద టంగుటంగుమని వాయించాడు.

ఆ మోతకు ఆవులు కదల్లేదు. కొట్టం వెనక మాత్రం ఏదో కదిలింది. ముందు ఒక కీచు, ఆ తర్వాత పది కీచులు, ఆ తర్వాత చెక్కలు విరిగిన చప్పుడు. డేల్ "అయ్యో దేవుడా" అన్నట్టు ఇంగ్లీషులో ఏదో గొణిగాడు. కొట్టం మూల తిరిగి గులాబీ రంగు పందులు, ఒక్కొక్కటి సోఫా అంత ఉన్నవి, మంచు ఎగజిమ్ముతూ సీమంతం మీదికి వచ్చిపడ్డాయి.

ఆ తర్వాత జరిగిందంతా ఎవరికి వాళ్లు వేరేగా చెప్పుకుంటారు. ఒక పంది గిరిజ చేతిలోని బూరెల్ని పళ్లెంతో సహా పట్టుకుపోయిందన్నది మాత్రం అందరూ ఒప్పుకునే విషయం. కిరణ్‌కుమార్ ఒకదాన్ని ఆపబోయి, దాని వీపు మీద వెనక్కి తిరిగి కూర్చుని కొంత దూరం ప్రయాణం చేశాడు. బాలమణి చలిమిడి గిన్నెతో వ్యాన్‌లోకి దూరి తలుపులన్నీ లాక్ చేసుకుంది. రెండు పందులు కిటికీ అద్దానికి ముట్టెలు ఆనించి ఆమె వంక ఆశగా చూశాయి. అన్నిటికంటే పెద్దది సూటిగా భీమశంకరం వైపు నడిచింది. ఆయన పంచె ఎగ్గట్టి గడ్డిమోపుల దొంతర మీదికి ఎక్కేశాడు. అది ముందు కాళ్లు మోపు మీద పెట్టి నిలబడి, పరమాన్నం అంటిన ముట్టె పైకెత్తి, ఆయన కళ్లలోకి చూసింది.

భీమశంకరం కళ్లు మూసుకుని రెండు చేతులూ జోడించాడు. భయమో భక్తో ఆయనకే తెలియాలి, దశావతారాలు మొదట్నుంచీ చదవడం మొదలుపెట్టాడు. మత్స్యం అయింది, కూర్మం అయింది. మూడో అవతారం దగ్గరికొచ్చేసరికి ఆయన కళ్లు తెరుచుకున్నాయి. ఎదురుగా ఆ అవతారమే ఉంది.

"వరాహస్వామి" అన్నాడు హీనస్వరంతో.

కింద ఆడవాళ్లు ఆ మాట విన్నారు. పరిగెడుతున్న వాళ్లు ఆగారు. శశికళ తడబడుతూ పందికి ఒక నమస్కారం పెట్టింది. అది పరమాన్నం బకెట్‌లో తల దూర్చి, అంగీకారంగా గుర్రుమంది.

ఈ సందట్లో డేల్ వీరాంజనేయులును పక్కకు తీసుకెళ్లాడు. "నువ్వు రోజూ అంత సంతోషంగా వచ్చేవాడివి, వద్దనడానికి నోరు రాలేదు. మొదటి రోజుల్లో కాస్త పోసి చూశాను, అవి ముట్టలేదు. తర్వాత ఆ తీపి అన్నం రావడం మొదలైంది. అంత బియ్యం ఒక్కసారిగా తింటే ఆవు పొట్ట ఉబ్బిపోతుంది. చూడి ఆవైతే ప్రాణం మీదికే వస్తుంది. పారబోస్తే నిన్ను అవమానించినట్టుంటుంది. అందుకని పందులకు పోశాను."

వీరాంజనేయులు కొట్టం వైపు చూశాడు. నెలరోజుల పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, చెకింగ్, అన్నీ పందులకే నడిపాడన్నమాట. సిగ్గుతో ఆయన చెవులు అంత చలిలోనూ వేడెక్కాయి. "అయితే ట్రైలర్?" అన్నాడు చివరికి.

"అది పందుల కోసం. మీ వాళ్ల వంటకు అవి ఇంత బలిశాయి, నా జీవితంలో అలాంటి పందుల్ని పెంచలేదు. సగం మొన్న అమ్మేశాను, మంచి ధర పలికింది. దాంతో పక్క రాష్ట్రం నుంచి గడ్డి తెప్పించాను. మీ స్నేహితుడు ఎక్కి కూర్చున్నది ఆ గడ్డే. ఐదు ఆవులూ ఇక్కడే ఉంటాయి, వీరా. బొల్లీ ఉంటుంది."

వీరాంజనేయులు దొడ్డి దగ్గరికి నడిచి బొల్లి పక్కటెముకల మీద చెయ్యి పెట్టాడు. లోపల దూడ ఒకసారి గట్టిగా తన్నింది. ఆయనకు కళ్లనీళ్లు ఆగలేదు. బొల్లి ఎప్పటిలాగే ఫిర్యాదుగా చూస్తూ చొప్ప నములుతోంది. ఇంత సంతోషం తనకు బస్సులెప్పుడూ ఇవ్వలేదనుకున్నాడు.

"ఏమంటున్నాడండీ ఆయన?" బాలమణి వ్యాన్ కిటికీ వేలెడంత దించి అడిగింది. అందరూ ఆయన చుట్టూ చేరారు. మొత్తం తర్జుమా చేయాల్సిన బాధ్యత మీద పడింది. వీరాంజనేయులు కళ్లు తుడుచుకుని, డిపో యూనియన్‌తో మాట్లాడే గొంతు తెచ్చుకున్నాడు.

"మన కుడితి ఆవులకు పడదట. అందుకని పందులకు పెట్టాడు. ఆ పందుల వల్ల ఆవులకు గడ్డి వచ్చింది. ఐదు ఆవులూ క్షేమం."

"పందుల వల్ల గడ్డి ఎలా వచ్చిందండీ?" అంది శశికళ.

కిరణ్‌కుమార్ మంచు దులుపుకుంటూ నోరు తెరిచాడు. మామగారు అతని బూటు మీద బూటు పెట్టి నొక్కారు.

"త్యాగం చేశాయమ్మా" అన్నాడు వీరాంజనేయులు.

ఆ మాటకు కొందరి కళ్లు చెమర్చాయి. కొందరు అనుమానంగా ట్రైలర్ వైపు చూశారు. ఆ అనుమానం పెరగకముందే ఆయన గడ్డిమోపుల దగ్గరికి వెళ్లి, ఇంకా పైనే ఉన్న భీమశంకరం వైపు తలెత్తాడు. "భీమశంకరం గారూ, ఆ బొమిక మీ ఇంటిది కాదు, మా వ్యాన్‌ది. నాదే పొరపాటు, క్షమించాలి. రేపట్నుంచి మీ స్టాపు పునరుద్ధరిస్తున్నాం."

"ముందు నన్ను కిందికి దింపండి" అన్నాడు భీమశంకరం.

మర్నాడు తెల్లవారుజామున కిరణ్‌కుమార్ ఆవలిస్తూ వ్యాన్ తీశాడు. సర్వీసు ఉంటుందో ఉండదో అని వీరాంజనేయులు రాత్రంతా నిద్రపోలేదు. కానీ ప్రతి గుమ్మం లోపలా బకెట్ సిద్ధంగా ఉంది. శశికళ ఇంట్లో అయితే రెండున్నాయి. ప్రతి మూత మీదా లావుపాటి అక్షరాలతో ఒక కొత్త కాగితం అంటించి ఉంది: ఆవులకు మాత్రమే.

అది తెలుగులో రాసి ఉండటం వల్ల డేల్‌కు గానీ పందులకు గానీ ఏ ఇబ్బందీ కలగలేదు.